దగ్గులేని గని

ముందుగా ఒక మాట. నేను యాభై తొమ్మిదో ఏట అక్షరాలు నేర్చుకున్నదాన్ని. వత్తులూ దీర్ఘాలూ నన్ను ఇప్పటికీ ఏమారుస్తుంటాయి. ఒక పేజీ రాయడానికి నాకు ఒక పూట పడుతుంది. గూఢచారి కథలో ఉండాల్సిన పరుగు ఇందులో ఎక్కడైనా తగ్గితే ఆ తప్పు కథానాయిక సమీరాది కాదు, నాది. మన్నించి చదవండి.

సోమవారం ఉదయం తొమ్మిదిన్నర. కర్నూలులో ఒక సందు చివర ‘భూసార పరీక్షా కేంద్రం’ అని బోర్డున్న పాత మేడ. నాలుగేళ్లుగా అక్కడ ఏ రైతు మట్టినీ పరీక్షించిన పాపాన పోలేదు.

సమీరా కౌంటరు మీద ఒక మట్టి పొట్లం పెట్టింది. "ఎర్రనేల. జింకు ఎంతుందో చూడాలి."

గుమాస్తా తలెత్తలేదు. "వాన పడితేగాని చెప్పలేం."

"వాన పడితే నేనెందుకొస్తాను?"

కోడ్ సరిపోయింది. గుమాస్తా బల్ల కింద మీట నొక్కాడు. వెనక ఉన్న బీరువా కిర్రుమంటూ పక్కకు జరిగింది.

లోపలి గదిలో చీఫ్ ఓబుళేశు గ్లాసెడు మజ్జిగ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. బట్టతల, నెరిసిన మీసం, ఎదుటి మనిషి చెప్పేది సగంలోనే అర్థమైపోయిందన్నట్టు చూసే కళ్లు. గూఢచారి శాఖలో సమీరా నంబరు నలభై ఒకటి. పన్నెండేళ్ల సర్వీసు. మూడు దేశాల్లో ఆరు ఆపరేషన్లు. సొంత జిల్లాలో మాత్రం ఇదే మొదటిది.

చీఫ్ ఒక ఫోటో ముందుకు తోశాడు. ఎర్రబడిన ముఖం, పల్చని జుట్టు, ఎడమ కణత మీద రూపాయి బిళ్లంత గుంట.

"పేరు యోహెన్ క్రెల్. జర్మనీ. యాభై మూడేండ్లు. సోషియాలజిస్టు. అంటే పేదోళ్ల మధ్య కూర్చుని వాళ్ల బతుకులు రాసుకునేటోడు. చదువుకునే కాలంలో స్టూడెంట్ లీడరు. యుద్ధాలు చేసే దేశాలకు ఆయుధాలు అమ్మొద్దని వేలమందిని రోడ్డెక్కించినాడు. ఇరవై మూడో ఏట, బస్సు కోసం నిలబడి ఉంటే, ఎవడో వచ్చి తలలో కాల్చినాడు."

"బతికాడు కదా సార్."

"మనిషి బతికినాడు. మాటలు చచ్చిపోయినాయి. చెంచాను చెంచా అనేది గూడా రాలేదంట. చిన్నపిల్లల పుస్తకం ముందర పెట్టుకుని నాలుగేండ్లు మల్లా నేర్చుకున్యాడు. ఆ మీదట రెండు డాక్టరేట్లు చేసినాడు. ఇప్పుడు రెండేండ్లుగా బేతంచెర్లలో ఉండాడు."

"నేరం?"

"ఒక వాక్యం రాసినాడు."

చీఫ్ ఒక విదేశీ పత్రిక తెరిచాడు. క్రెల్ నలభై నాపరాయి గనులు తిరిగి, కూలీల మాటలు టేపు చేసి, వ్యాసం రాశాడు. గనులకు పేర్లు రాయలేదు, నంబర్లు వేశాడు. ఏ గనిలో ఎంతమందికి దగ్గు ఉందో పట్టిక ఇచ్చాడు. పట్టిక కింద ఒక వాక్యం ఉంది: ‘పదిహేడో నంబరు గనిలో ఎవరూ దగ్గరు.’

"రాయి కోస్తే దుమ్ము లేస్తాది. దుమ్ము మింగితే దగ్గొస్తాది," అన్నాడు చీఫ్. "దగ్గు లేదంటే?"

"రాయి కోయడం లేదు."

"మరి ఆ గనిలో ఏం చేస్తాండారు?"

ఈసారి చీఫ్ గొంతు తగ్గించాడు. పెలికాన్ అనే విదేశీ ముఠా ఎగుమతి కంపెనీ ముసుగులో, బినామీ పేరు మీద ఒక గని లీజుకు తీసుకుంది. శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు దగ్గర్లోని రక్షణ శాఖ స్థలంలో కొత్త క్షిపణి పరీక్ష ఉంది. దాని సిగ్నల్స్ అన్నీ ఆ గనిలో కూర్చుని పట్టుకోవడం వాళ్ల ప్లాను. అది ఏ గనో క్రెల్‌కు ఒక్కడికే తెలుసు. తను ఏం కనిపెట్టాడో మాత్రం క్రెల్‌కే తెలియదు.

"నలభై గనులూ సోదా చేస్తే?"

"మొదటి గని కాడ జీపు ఆగేలోపల మిగతా ముప్పై తొమ్మిదికీ కబురు పోతాది. నువ్వు కడప నుంచి వచ్చిన టైపిస్టువి. ఆయన టేపులు టైపు చేస్తా, పదిహేడు ఏదో కనుక్కో. శుక్రవారం నాలుగు దాకా ఆయన ప్రాణం నీ పూచీ."

"నాలుగు తర్వాత?"

చీఫ్ మజ్జిగ తాగి మూతి తుడుచుకున్నాడు. "ఆ తర్వాత ఆయన మన ఫైలు కాదు."

బేతంచెర్లలో బస్సు దిగేసరికి సమీరా చెప్పులు తెల్లబడ్డాయి. పాలిష్ ఫ్యాక్టరీల మిషన్లు రోజంతా ఒకే శ్రుతిలో ఏడుస్తున్నాయి. ఊరి మీద, చెట్ల మీద, ఆరేసిన బట్టల మీద, ఆగిన లారీల మీద సన్నటి రాతిపొడి. శాఖవాళ్లు ఇచ్చిన పరికరాలు ఎన్నో దేశాల్లో చలికీ వానకీ తట్టుకున్నాయి. ఇక్కడ మంగళవారానికి జాకెట్టు గుండీలోని కెమెరా కన్ను మూసుకుంది. బుధవారానికి చెవిలోని ఇయర్‌పీస్ గరగరమని ఊరుకుంది. ఫోన్ సిగ్నల్ కావాలంటే గనుల పక్కన పోసిన పనికిరాని రాళ్ల గుట్ట ఎక్కాలి. సమీరా దగ్గర సవ్యంగా పనిచేసేది టిఫిన్ క్యారియర్ అడుగున దాచిన పిస్టల్ ఒక్కటే.

క్రెల్ అబీదా బీ ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. అబీదా బీ ఇరవై ఎనిమిదేళ్లు పాలిష్ మిషన్ దగ్గర పనిచేసి, దగ్గు ఎక్కువై మానేసింది. ఇప్పుడు సారుకు వంట చేస్తోంది. మాట మధ్యలో దగ్గు వస్తే వేలెత్తి, దగ్గి, మళ్లీ అదే మాట దగ్గర అందుకుంటుంది.

"ఏం బేటీ, కడపలో మీ ఇల్లు యాడ?"

"పెద్ద దర్గా తట్టు, ఖాలా."

"అబ్బా, పుణ్యాత్మురాలివి. మరి ఈ దుమ్ములోకి యాలొచ్చినావు? సారు శానా మంచోడు గానీ నిదానం. ఉప్పు అడగల్లంటే సగం అన్నం అయిపోతాది."

నిజమే. క్రెల్‌ది కూలీల దగ్గర నేర్చుకున్న తెలుగు. ఒక్కో మాటనీ చేత్తో తడిమి చూసి బయటపెడతాడు.

"నా తలలో... తెలుగు కొత్త గది," అన్నాడు ఒక సాయంత్రం. "తుపాకీ గుండు పాత గదిలో పడింది. ఈడ... గోడలు బాగుండాయి."

"కాల్చినవాడి మీద కోపం లేదా సారూ?"

"వాడికి జాబు రాసినా. మూడేండ్లు పట్టింది. అప్పటికి వాడు... జైల్లో ఉరేసుకున్యాడు." క్రెల్ టేబుల్ మీది టేపుల వైపు చూశాడు. "అందుకే వీళ్లవి తొందరగా రాస్తాండా."

సమీరా టైపు చేస్తూ పోయింది. ఒకరి వెనక ఒకరు కూలీలు తమ బతుకు చెప్పుకుంటున్నారు. పెళ్లినాడు కూడా దగ్గిన మనిషి. పాలు తాగే బిడ్డ నోట్లో రాతిపొడి చూసిన తల్లి. గనుల పేర్లు వచ్చిన చోటల్లా క్రెల్ టేపు చెరిపేశాడు. ఎంత విన్నా పదిహేడు దొరకలేదు.

మంగళవారం మధ్యాహ్నమే తెల్ల కారు వచ్చింది. అందులోంచి దిగిన మనిషిని చూసి వీధిలో మేకలు కూడా పక్కకు తప్పుకున్నాయి. నీలం సిల్కు చీర, పెద్ద నల్లద్దాలు, చేతిలో బనగానపల్లె మామిడిపళ్ల బుట్ట. ఆ చీరకు దుమ్మెందుకు అంటలేదో సమీరాకు ఎంతకూ అర్థం కాలేదు.

ఎగుమతి కంపెనీ పీఆర్ మేనేజర్‌నని చెప్పుకుంది. క్రెల్ వ్యాసాన్ని మెచ్చుకుంది. చేతులు కడుక్కోవాలని లోపలి గదిలోకి వెళ్లి వచ్చింది. పోయేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, పెదవులు కదలకుండా మాట్లాడింది.

"ఏమే ఫార్టీ వన్, టైపు ఎప్పుడు నేర్చుకున్నావు?"

"నువ్వు రాళ్లమ్మడం నేర్చుకున్నప్పుడే, యామినీ."

యామిని, ఏజెంట్ నైన్‌టీన్. ఇద్దరూ ఒకే బ్యాచ్. ముఠా కంపెనీలోకి చీఫే ఆమెను పంపాడు. కానీ ఏడాదిగా ఆమె పంపిన ప్రతి కబురూ ఒకరోజు ఆలస్యంగానే వచ్చింది.

"గని ఏదో నీకు తెలియదా?"

"నన్ను ఆఫీసు దాటనివ్వరు, చూస్తున్నావుగా." యామిని నవ్వింది. "పళ్లు తిను. బాగుంటాయి."

సమీరా ఆ సాయంత్రమే రాళ్ల గుట్ట ఎక్కింది. "సార్, నైన్‌టీన్ మీద నాకు అనుమానం."

"ఆమె మన మనిషి. ముట్టుకోవద్దు. నువ్వు చూడు, అంతే."

గురువారం నాడు సమీరా ఇక నటన వదిలేసి సూటిగా అడిగింది. "సారూ, పదిహేడో నంబరు గని ఏది? చాలామంది ప్రాణాలకు సంబంధించింది."

క్రెల్ టేపు ఆపాడు. "కూలీలకు మాట ఇచ్చినా. పేరు చెప్పనని. నా దగ్గర మాటలు... శానా తక్కువ. ఇచ్చినవి వెనక్కి తీసుకోలేను."

శుక్రవారం మూడు గంటలకు క్రెల్ చేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది.

ఆయన దాని వైపు చూశాడు. "ఇది..." అన్నాడు. "ఇది..." పగిలిన ముక్కల పేరు ఆయనకు తట్టలేదు. ఎడమ కన్ను కింద చర్మం అదురుతోంది.

సమీరా చప్పున లేచింది. పాత గాయం వల్ల ఆయనకు ఫిట్స్ వస్తాయని, జర్మనీ నుంచి తెప్పించుకునే మాత్రలు పూట తప్పకుండా వేసుకుంటాడని ఫైల్లో చదివింది. "మాత్ర వేసుకున్నారా?"

ఆయన తలూపాడు. ఉదయం వేసుకున్నాడు. నిన్నా వేసుకున్నాడు.

వంటింటి గుమ్మంలో అబీదా బీ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఉన్నట్టుండి భోరుమంది.

"నన్ను కొట్టు బేటీ. పాపం చేసినా. సారు మాత్రలు నేను దినానికొకటి తింటాండా. ఫారిన్ మాత్ర గదా, దగ్గుకు బాగా పన్జేస్తాదనుకున్యా. రెండు నెలల్నుంచి."

"ఖాలా!"

"శానా ఉండాయి గదా, ఒకటి పోతే ఏమైతాది అనుకున్యా. దగ్గు తగ్గలేదు గానీ బలే నిద్ర పట్టేది. మూడు దినాల్నుంచి నిద్ర గూడా లేదు. రుచి మారిపోయిండాది. నేను మాత్ర నమిలి తింటా, మింగడం చేతగాదు నాకు. అది మాత్ర కాదు బేటీ."

"మరేంటి?"

"నాపరాయి పొడి. ఇరవై ఎనిమిదేండ్లు తిన్యాను. నాకు తెలీదా దాని రుచి? చెప్తే దొంగతనం బయటపడతాదని నోరు మూసుకున్యా."

సమీరా లోపలి గదిలోని సీసా తెరిచి ఒక మాత్ర కొరికింది. పళ్ల కింద కరకర. మూడు దినాల్నుంచి. అంటే మంగళవారం. చేతులు కడుక్కోవడానికి యామిని లోపలికి వెళ్లిన రోజు. బాంబు లేదు, తూటా లేదు. తలలో పాత గుండుతో ముప్పై ఏళ్లు బతికిన మనిషి ఒకరోజు ఫిట్స్ వచ్చి పోతాడు. ఎవరూ ఎవరినీ అడగరు.

ఆమె ఆలోచన పూర్తయ్యేలోపే క్రెల్ కుర్చీలోంచి కింద పడ్డాడు.

మనిషిని చంపడానికి పద్నాలుగు పద్ధతులు సమీరాకు శాఖ నేర్పింది. ఫిట్స్ వచ్చిన మనిషిని ఏం చేయాలో నేర్పలేదు. ఆయన ఒళ్లంతా విల్లులా వంగి కొట్టుకుంటుంటే, తల నేలకు తగలకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చుంది. అంతకుమించి ఏమీ చేయలేకపోయింది.

"ఇనుము!" అరిచింది అబీదా బీ. "చేతిలో ఇనుము పెట్టల్ల బేటీ! బీగం చెవులు యాడ పెట్టినానో!"

దానివల్ల ఒరిగేదేమీ లేదని సమీరాకు తెలుసు. అయినా ఏదో ఒకటి చేయకుండా ఉండలేకపోయింది. టిఫిన్ క్యారియర్ లాగి, అడుగు గిన్నె తీసి, పిస్టల్‌లోంచి తూటాలు దులిపి, దాన్ని క్రెల్ పిడికిట్లో పెట్టింది. ఆయుధాలు అమ్మొద్దని రోడ్డెక్కిన మనిషి వేళ్లు ఆ ఆయుధం చుట్టూ గట్టిగా బిగుసుకున్నాయి.

కాసేపటికి కొట్టుకోవడం ఆగింది. ఊపిరి గురకలా వస్తోంది.

అబీదా బీ పిస్టల్ వైపు చూసింది. ముక్కు తుడుచుకుంది. "నువ్వు టైపిస్టు కాదని నాకు ముందే తెల్సులే. టైపు కొట్టేటోళ్లు యాడన్నా రెండు వేళ్లతో కొడతారా?"

"ఖాలా, ఆయనకు ఒక గని తెలుసు. అక్కడ ఎవరూ దగ్గరంట. ఇప్పుడు ఆయన చెప్పలేడు. నాలుగు గంటలకు..." సమీరా గడియారం చూసింది.

"డోన్ రోడ్డులో గుట్ట మలుపు కాడుండే గనా?"

సమీరా గిర్రున ఆమె వైపు తిరిగింది.

"మా చెల్లెలి మొగుడు ఆడ వాచ్‌మన్. పన్లేదు, ఊరికే కూర్చోబెట్టి జీతమిస్తారు. ఊర్లో అందరికీ తెల్సు."

"ఎవరికీ చెప్పలేదేం ఖాలా?"

"అడిగింటే చెప్పనా? సారు ఒక్కడే అడిగినాడు."

మందుల షాపులో ఆ మాత్ర లేదు, కర్నూలే పోవాలన్నారు. అంబులెన్సు రావడానికి గంట. వీధి చివర మారెన్న అనే డ్రైవరు రాళ్లు ఎత్తిన లారీకి తాడు బిగిస్తున్నాడు. అబీదా బీ అతని చొక్కా పట్టుకుని లాక్కొచ్చింది. ముగ్గురూ కలిసి క్రెల్‌ను క్యాబిన్ వెనక బెర్త్ మీద పడుకోబెట్టారు. మూడూ నలభైకి లారీ కదిలింది.

లారీ గుట్ట రోడ్డు ఎక్కుతుంటే ఫోన్లో సిగ్నల్ ఒక గీత కనిపించింది. సమీరా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. గని గుట్ట మలుపులో ఉంది. మాత్రలు మార్చింది యామిని.

"భేష్," అన్నాడు చీఫ్. "కమాండోలు రావాలంటే అరగంట. నువ్వు దిగి లోపలికి పో."

"ఒక్కదాన్నా? సారుకు మళ్లీ ఫిట్స్ వచ్చేట్టుంది."

"నాలుగు దాకా అన్యా గదమ్మా. ఇంకా పన్నెండు నిమిషాలే గదా. ఆయన్ని ఆడ వదిలెయ్."

సిగ్నల్ పోయింది. సమీరా ఒడిలో క్రెల్ తల బరువుగా ఉంది. బెర్త్ మీద ఆయన కాలు మళ్లీ ఎగరడం మొదలుపెట్టింది. దిగితే ఆయన పోతాడు. దిగకపోతే క్షిపణి గుట్టు పోతుంది. దిగినా, లోపలి ముఠా మొత్తాన్నీ ఒక పిస్టల్‌తో ఏం చేస్తుంది? పన్నెండేళ్ల సర్వీసులో మొదటిసారి ఆమెకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అక్కా, ఆ గని కథేంది?" అన్నాడు మారెన్న స్టీరింగ్ వదలకుండా.

"అక్కడ మిషన్లు ఉన్నాయి. నాలుగు గంటలకు అవి నడవకూడదు."

"మిషన్లంటే కరెంటు మిషన్లే గదా?"

"అవును."

"ఏబీ స్విచ్ దించితే లైను మొత్తానికి కరెంటు పోతాది గదక్కా. ట్రాన్స్‌ఫార్మరు రోడ్డు పక్కనే ఉండాది."

"వాళ్లకు జనరేటర్ ఉంటుంది మారెన్నా."

మారెన్న కొంచెం సిగ్గుపడ్డాడు. "ఉండాది గానీ దాంట్లో డీజిల్ లేదు. వాచ్‌మన్ నాకమ్మేసినాడు. ఈ లారీ నడిచేది దాంతోనే."

అబీదా బీ నోరు తెరిచింది. "నా చెల్లెలి మొగుడా? దొంగ నాయాలు!" అని, వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు తలొంచుకుంది.

మారెన్న ఇంజన్ ఆపకుండా దూకాడు. ట్రాన్స్‌ఫార్మరు స్తంభానికి ఉన్న ఇనుప హ్యాండిల్ తుప్పుపట్టి రాలేదు. వేలాడాడు. రాలేదు. కాలు స్తంభానికి తన్నిపెట్టి లాగాడు. సమీరా గడియారంలో మూడూ యాభై తొమ్మిది, నలభై సెకన్లు. యాభై. యాభై ఐదు.

ఖణేల్‌మంది. ఆ లైను మీద ఉన్న పాలిష్ మిషన్లన్నీ ఒక్కసారిగా ఏడుపు ఆపాయి.

దూరంగా ఆకాశంలో ఒక తెల్లటి గీత లేచి, వంగి, మాయమైంది. దాని మాటలు పట్టుకునే చెవి ఒక్కటీ లేకపోయింది. కమాండోలు వచ్చేసరికి పెలికాన్ ముఠావాళ్లు చీకటి షెడ్డులో అట్టముక్కలతో విసురుకుంటూ కూర్చుని, కరెంటు ఎప్పుడొస్తుందని వాళ్లనే అడిగారు. యామిని మాత్రం దొరకలేదు. ఆమె మూడో దేశానికి కూడా పనిచేస్తోందని ఆ తర్వాత తెలిసింది.

ఇదంతా సమీరా చూడలేదు. లారీ డోన్ దాటుతుండగా క్రెల్‌కు రెండోసారి ఫిట్స్ వచ్చింది. కర్నూలు ఆసుపత్రి గేటు దగ్గర మూడోసారి.

ఆయన బతికాడు. ఎనిమిదో రోజు కళ్లు తెరిచి కూర్చున్నాడు. మాటలు మాత్రం రాలేదు. పాత గదిలోవీ లేవు, కొత్త గదిలోవీ లేవు. వింటే అర్థమవుతుందని, పలకడం రాయడం తిరిగి రావడానికి ఏళ్లు పట్టవచ్చని, రాకపోవచ్చని డాక్టరు చెప్పాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం చీఫ్ ఓబుళేశు ఒక కాగితం, ఒక ఇంకు ప్యాడ్ పట్టుకుని వచ్చాడు. కింద కారు సిద్ధంగా ఉంది. మూడింటికి కదిలితే హైదరాబాదులో విమానం అందుతుంది.

"ఏముంది సార్ అందులో?"

"తన ఇష్టంతోనే దేశం వదిలి పోతాండానని. టేపులు, నోటుపుస్తకాలు అన్నీ శాఖకు ఇచ్చేస్తాండానని."

"అవి కూలీల బతుకులు సార్. వాటితో శాఖకేం పని?"

"పన్లేదు. అందుకే బీరువాలో పెడతాం." చీఫ్ ప్యాడ్ మూత తీశాడు. "రాయలేడు గదా. వేలిముద్ర వేయించు."

పన్నెండేళ్లలో సమీరా ఆజ్ఞ దాటింది ఒక్కసారే, ఆ లారీలో. కాగితంలో ఉన్నదంతా తెలుగులో, నెమ్మదిగా, క్రెల్‌కు చదివి వినిపించింది. అంతకన్నా ఆమె చేయగలిగింది లేదు. ఆయన బొటనవేలు పట్టుకుంది. రెండు డాక్టరేట్లున్న వేలు.

క్రెల్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఇంకు ప్యాడ్ పక్కకు జరిపాడు. చీఫ్ జేబులోని పెన్ను వైపు చెయ్యి చాపాడు.

"సంతకమే చేస్తాడంట!" చీఫ్ సంబరంగా పెన్ను మూత తీసి ఇచ్చాడు. "ఇంకా మంచిది."

క్రెల్ పెన్ను చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య పెట్టి చూశాడు. నప్పలేదు. మార్చాడు. కాగితం వాసన చూశాడు. జర్మన్‌లో ఆరక్షరాలుండే తన పేరులో మొదటి అక్షరం నిలువు గీత సగం గీసి, ఆగి, కిటికీలోంచి బయటికి చూసి, మళ్లీ గీశాడు. దానికి ఇరవై నిమిషాలు పట్టింది. రెండో అక్షరం గుండ్రంది. దాని మొదలూ చివరా కలవడానికి అరగంట పట్టింది. ఆయన నుదుటి మీద చెమట నిజమైనదే. అందులో నటన ఎంతో నిదానం ఎంతో పన్నెండేళ్ల అనుభవమున్న ఏజెంటు కూడా చెప్పలేకపోయింది.

కింద కారు డ్రైవరు హారన్ కొట్టాడు. మూడుంపావు.

"తొందరపెట్టొద్దప్పా," అంది మంచం పక్కన నేల మీద కూర్చున్న అబీదా బీ. "తప్పు పడితే మల్లా మొదట్నుంచి రాయల్ల."

చీఫ్ ఓబుళేశు గడియారం చూసుకున్నాడు. కాగితం చూశాడు. కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

"ఇంకా ఎన్ని అక్షరాలుండాయమ్మా?"

"నాలుగు, సార్," అంది సమీరా. "ఇంటిపేరు కాక."

బండి వెంకటలక్ష్మమ్మ
వయసు అరవై ఆరు
ప్రస్తుతం ఉండేది కడప, చిన్నచౌక్